నాన్న పిండిమర... బావగారి బ్యూక్!

తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నకు పిండిమర ఉండేది. సంక్రాంతి వస్తోందంటే చాలు, అరిసెల పిండి కోసం తడి బియ్యం గిన్నెలతో ఆడవాళ్లు తెల్లారకముందే బారులు తీరేవారు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఓ ఏడాది ఆ రద్దీ తట్టుకోలేక నాన్న ఓ ఉపాయం చేశారు. మరకున్న పుల్లీ తీయించి, అంతకన్నా చిన్నది వేయించారు. మోటారు అదే. బెల్టు కాస్త పొట్టిది. అంతే... మర గిర్రున తిరిగింది. గంటలో అయ్యే పని ముప్పావుగంటలో అయిపోయింది. నాన్న మొహం వెలిగిపోయింది.

ఆ వెలుగు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పిండి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దాంతోపాటే మాడు వాసన. వీధి చివరి మామ్మగారు గిన్నె తెచ్చి అరుగుమీద పెట్టి ‘‘ఏమయ్యా, పిండి పట్టమంటే వేయించి పెట్టావా?’’ అని నిలదీసింది. మూడోనాటికి పాత పుల్లీ మళ్లీ ఎక్కింది.

ఇన్నేళ్ల తర్వాత, నిరుడు జులైలో, అమెరికాలోని మిచిగాన్‌లో అక్కావాళ్ల గ్యారేజీలో నిలబడినప్పుడు నాకు ఆ మామ్మగారే గుర్తొచ్చింది. ఎందుకంటే అక్కడ మా మేనల్లుడు చేయబోతున్నది అచ్చంగా నాన్న చేసిన పనే. మర బదులు కారు ఇంజిను, అంతే తేడా!

ఇంటి మనిషిలాంటి కారు

బావగారు 1999లో అమెరికా వెళ్లారు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటారు. కార్ల విడిభాగాల డిజైనింగ్ ఆయన ఉద్యోగం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2004లో ఆయన సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారు... 2002 మోడల్ బ్యూక్ రీగల్ జీఎస్. ఆ మరుసటేడు పుట్టిన మేనల్లుణ్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ కారులోనే.

2008 చివర్లో డెట్రాయిట్ మీద పిడుగు పడింది. జనరల్ మోటార్స్ అంతటి కంపెనీ 2009 జూన్ 1న దివాలా పిటిషన్ వేసింది. విడిభాగాల కంపెనీల్లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. బావగారిదీ పోయింది. పదకొండు నెలలు ఇంట్లోనే. గ్రీన్‌కార్డు అప్పటికే చేతికొచ్చింది కాబట్టి దేశం వదలాల్సిన అవసరం రాలేదు కానీ, కొత్త కారు మాట దేవుడెరుగు... ఉన్న కారుకు టైర్లు మార్చడమే గగనమైంది. ఆ చలికాలమంతా ఇంటర్వ్యూలకని ఒహాయో, ఇండియానా రాష్ట్రాలకు మంచులో ఆయన్ని తిప్పింది ఈ బ్యూకే. ‘‘ఒక్కరోజు కూడా స్టార్ట్ కానని మొండికేయలేదు రా’’ అంటుంది అక్క. తర్వాత రెండు కార్లు వచ్చాయి. దీన్ని మాత్రం అమ్మలేదు.

ఇప్పుడు ఇరవై ఏళ్ల మేనల్లుడికి దాని మీద మనసైంది. ‘‘మామయ్యా, పుల్లీ మార్చి, ఇన్‌టేక్ మారిస్తే ఇది రాకెట్టే’’ అన్నాడు. అక్క వద్దంటే వద్దంది. బావగారు మాత్రం ఓ మాట అన్నారు... ‘‘ఈ ఇంజిన్లు చేయడం మానేశారు నాన్నా. పాడైతే పాతదే వెతుక్కోవాలి. అది గుర్తుపెట్టుకుని చెయ్యి.’’

ఆయన చెప్పింది నిజమే. ‘3800’ అని పిలిచే ఈ వి6 ఇంజిన్ల తయారీ 2008 ఆగస్టులో మిచిగాన్‌లోని ఫ్లింట్‌లో ఆగిపోయింది. దాని పుట్టుక 1962 నాటి బ్యూక్ వి6. గమ్మత్తేమిటంటే, 1967లో ఈ ఇంజిను మాకొద్దని జీపులు చేసే కైజర్ కంపెనీకి అమ్మేశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు కరవయ్యేసరికి చిన్న ఇంజిను విలువ తెలిసొచ్చింది. 1974లో మళ్లీ కొనుక్కున్నారు!

నోట్లోకి గాలి ఊదే యంత్రం

సూపర్‌చార్జర్ అంటే ఏమిటో చూద్దాం. ఇంజిన్‌లో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఒక పాలు పెట్రోలుకు బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి. మామూలు ఇంజిను తనకు కావాల్సిన గాలిని తనే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌కి ఆ శ్రమ లేదు. మనం మారాం చేసే పిల్లాడికి ముద్దలు కుక్కినట్టు, అది గాలిని లోపలికి కుక్కుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ శక్తి. రీగల్‌లోనే సూపర్‌చార్జర్ లేని 3.8 లీటర్ల ఇంజిన్‌ది 200 హార్స్‌పవర్. అదే సైజుకి సూపర్‌చార్జర్ తగిలిస్తే 240.

మరి టర్బోకీ దీనికీ తేడా? మన డీజిల్ కార్లలో చూసే టర్బో, పొగగొట్టం లోంచి పోయే వేడి వాయువులతో తిరుగుతుంది. సూపర్‌చార్జర్ మాత్రం ఇంజిను బెల్టుతోనే తిరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బలం అందుతుంది. బదులుగా ఇంజిను సంపాదనలో కొంత తనే తినేస్తుంది.

రీగల్‌లో ఉన్నది ఈటన్ కంపెనీ చేసిన ఎం90. లోపల రెండు మెలితిరిగిన రోటర్లు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు తిరుగుతుంటాయి. అది ఒక్క చుట్టు తిరిగితే 90 ఘనపుటంగుళాల గాలి, అంటే ఇంచుమించు లీటరున్నర, అవతలికి నెడుతుంది. ఈ పద్ధతికి ఆద్యులు ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ అన్నదమ్ములు, ఫిలాండర్, ఫ్రాన్సిస్. 1860లో పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కార్లే లేవు! కొలుములకు, గనులకు గాలి ఊదడానికి వాడేవారు. మన కోస్తా తీరంలో రొయ్యపిల్లల హేచరీలకు ఎప్పుడైనా వెళ్లారా? తొట్లలోకి గాలి పంపే ‘ట్విన్ లోబ్’ బ్లోయర్లు గుర్రుమంటూ ఉంటాయి. అవి ఈ కుటుంబానివే.

చిన్న చక్రం... పెద్ద లెక్క

ఇక పుల్లీ సంగతి. ఇంజిను కింద పెద్ద పుల్లీ. సూపర్‌చార్జర్ ముక్కుకి చిన్న పుల్లీ. రెంటికీ మధ్య బెల్టు. చిన్నదాన్ని ఇంకా చిన్నది చేస్తే అదే ఇంజిను వేగానికి అది ఇంకా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. నాన్న పిండిమర సూత్రమే!

ఈ కారుకి కంపెనీ ఇచ్చిన పుల్లీ వ్యాసం 3.8 అంగుళాలు. దాన్ని 3.5కి తగ్గిస్తే సూపర్‌చార్జర్ వేగం దాదాపు 8.6 శాతం పెరుగుతుంది. 3.4కి తగ్గిస్తే దాదాపు 12 శాతం. అంటే మునుపు నిమిషానికి 10,000 చుట్లు తిరిగేచోట 3.5తో సుమారు 10,860, 3.4తో సుమారు 11,180 చుట్లు. చూడ్డానికి అంగుళంలో పదోవంతు తేడా. లోపల మాత్రం చాలా తేడా.

ఎందుకంటే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టాక దాని అడుగు పట్టుకుని చూడండి, తెలుస్తుంది. సూపర్‌చార్జర్ ఎంత వేగంగా తిరిగితే గాలి అంత వేడెక్కుతుంది. కొన్ని కార్లలో ఈ వేడి గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఈ రీగల్‌కి కంపెనీ అది ఇవ్వలేదు. వేడి గాలి నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది. అక్కడ స్పార్క్ ప్లగ్గు వెలిగించి మంట నడుస్తుండగానే, ఓ మూల మిగిలిన మిశ్రమం ఆ వేడికీ ఒత్తిడికీ తనంతట తనే భగ్గుమంటుంది. దీన్నే మెకానిక్కులు ‘నాకింగ్’ అంటారు. రేకు డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టుంటుంది చప్పుడు. అలాగే తోలుతూ పోతే పిస్టన్లు పగులుతాయి. పిండి మాడితే పారబోయొచ్చు. పిస్టను మాడితే?

శనివారం పొద్దున

ఆ శనివారం ఎనిమిదింటికే పని మొదలైంది. మేనల్లుడు ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాడు. రాత్రంతా నిలిపి ఉంచిన ఇంజిను చల్లగా ఉంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. ఇంజిను పైనున్న ప్లాస్టిక్ మూత తీశాడు. ఈ ఇంజిన్‌కి రెండు బెల్టులుంటాయి. వాటిలో సూపర్‌చార్జర్‌ది విడిగా ఉంటుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగు టెన్షనర్‌ను పొడుగు రెంచితో తిప్పి బెల్టు జార్చాడు. ఆ స్ప్రింగు చెయ్యి జారితే వేళ్లు నలుగుతాయి. అందుకని బావగారు పక్కనే నిలబడ్డారు... తను ముట్టుకోకుండా!

పాత పుల్లీ ఇరుసుకి బిగుతుగా ఎక్కించి ఉంటుంది. బోల్టు ఉండదు. దాన్ని లాగడానికి ప్రత్యేకమైన పుల్లర్ కావాలి. ఇక్కడే చాలామంది సుత్తి అందుకుంటారట. సుత్తి దెబ్బ ఇరుసు మీద పడిందంటే లోపల తాకీ తాకనట్టు తిరిగే రోటర్లు తాకడం మొదలెడతాయి. బేరింగులు దెబ్బతింటాయి. మావాడు ఓపిగ్గా పుల్లర్ మర తిప్పుతూ పోయాడు. పది నిమిషాలకి ‘టక్’మని ఊడొచ్చింది.

కొత్తది రెండు ముక్కల రకం. ఒక హబ్‌ను ఇరుసుకి శాశ్వతంగా ఎక్కిస్తారు. దాని మీద కావాల్సిన సైజు రింగును బోల్టులతో బిగించుకుంటారు. రింగు మార్చాలంటే మళ్లీ పుల్లర్ అక్కర్లేదు. హబ్‌ను వేడిచేస్తే సులువుగా ఎక్కుతుందని మావాడు వంటింట్లోకెళ్లి ఓవెన్ అడిగాడు. ‘‘నేను కేకు చేసుకునే ఓవెన్‌లో నీ ఇనప ముక్కలా?’’ అంది అక్క. దాంతో ఎక్కించే పనిముట్టుతోనే మెల్లగా నొక్కి ఎక్కించాడు. మీద 3.4 అంగుళాల రింగు. దానికి తగ్గ పొట్టి బెల్టు.

తర్వాత గాలి పీల్చే గొట్టం. పాత ఫిల్టరు పెట్టె తీసేసి శంకువులా ఉండే కొత్త ఫిల్టరును ఇంజిను పక్కనే బిగించాడు. మధ్యాహ్నం మూడింటికల్లా పని పూర్తి!

పెట్రోలు ఎవరు కొట్టించారు?

స్టార్ట్ చేశాం. సూపర్‌చార్జర్ సన్నటి ఈల ముందుకన్నా గట్టిగా వినిపించింది. మావాడి మొహం... పిండిమర ముందు నాన్న మొహంలాగే వెలిగింది.

బావగారు డ్రైవింగ్ సీట్లో కూర్చున్నారు. మావాడు పక్క సీట్లో స్కాన్ టూల్ పట్టుకున్నాడు. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నింటికీ ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి. అందులో గుచ్చితే ఇంజిను లోపలి సంగతులు తెర మీద కనిపిస్తాయి. వాటిలో ఒకటి ‘నాక్ రిటార్డ్’. నాకింగ్‌ను సెన్సర్ పసిగట్టగానే కారు కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేసి ఇంజిన్‌ను కాపాడుకుంటుంది. ఎన్ని డిగ్రీలు ఆలస్యం చేసిందో ఆ అంకె చెబుతుంది. సున్నా ఉంటే హాయి.

హైవే ఎక్కే దారిలో బావగారు యాక్సిలరేటర్ నొక్కారు. 3... 5... 8! లోపలి నుంచి గోలీల చప్పుడు. బావగారు వెంటనే కాలు తీసేశారు. ఇంటికి చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. మరో వింత ఏమిటంటే కారు ముందుకన్నా నెమ్మదించింది! కంప్యూటర్ స్పార్కును అంత వెనక్కి లాగితే శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది?

గ్యారేజీలోకి రాగానే బావగారు అడిగిన మొదటి ప్రశ్న: ‘‘పెట్రోలు ఎవరు కొట్టించారు?’’

‘‘నేనే’’ అంది అక్క తలుపు దగ్గర నిలబడి. ‘‘కూరగాయలకెళ్లినప్పుడు. ఎప్పుడూ కొట్టించేదే!’’

ఎప్పుడూ కొట్టించేది 87 ఆక్టేన్. ఈ ఇంజిన్‌కి కావాల్సింది 91. మెల్లగా కూరగాయలకు పోయొచ్చేటప్పుడు కంప్యూటర్ ఎలాగో సర్దుకుపోయింది. చిన్న పుల్లీ పడేసరికి సర్దుకోలేకపోయింది. (ఈ అంకెలు చూసి మన పెట్రోలుతో పోల్చుకోకండి. అక్కడి బంకుల్లో రాసేది రెండు రకాల ఆక్టేన్ కొలతల సగటు. వారి 87 మన 91కి దగ్గరగా ఉంటుంది.)

ఆ పెట్రోలు ఖాళీచేసి 91 పోశారు. ఆదివారం మళ్లీ చూస్తే అంకె 4 దగ్గర ఆగింది. తగ్గింది కానీ పోలేదు. మావాడు డీలాపడ్డాడు. అప్పుడు మొదటిసారి బావగారు చొక్కా చేతులు మడిచారు. బానెట్ ఎత్తి, కొత్త ఫిల్టరు మీద చెయ్యి పెట్టి ‘‘ఇది ఏ గాలి పీలుస్తోంది?’’ అని అడిగారు.

ఇంజిను వేడి గాలినే! పాత పెట్టె అనాకారిగా ఉన్నా బయటి చల్లగాలిని తెచ్చేది. కొత్తది అందంగా ఉంది కానీ పొయ్యి పక్కన కూర్చుని పీలుస్తోంది. ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన గాలి చల్లబడదు కదా.

ఆ మధ్యాహ్నమంతా తండ్రీకొడుకులిద్దరూ అట్టముక్కతో కొలతలు తీసి, అల్యూమినియం రేకు వంచి, ఫిల్టరుకీ ఇంజిన్‌కీ మధ్య అడ్డుగోడ కట్టారు. ఫెండర్ లోపలి ఖాళీలోంచి చల్లగాలి వచ్చేలా దారి చేశారు. ప్లగ్గులు తీసి, కొన మీద వేడి తక్కువ నిలిచే రకం వేశారు. వెనక వైపు మూడు ప్లగ్గులు చేతికి అందవు, కంటికి కనపడవు. ఆ మూడింటికే గంటన్నర పట్టింది. చివరగా 3.4 రింగు విప్పి 3.5 వేశారు. ‘‘ఆ పదోవంతు అంగుళం ఆశ వదులుకో’’ అన్నారు బావగారు. మావాడు కిమ్మనలేదు.

సాయంత్రం మళ్లీ అదే దారి. నేనూ వెనక ఎక్కాను. కాలు నొక్కగానే వీపు సీటుకి అతుక్కుంది. స్కాన్ టూల్‌లో అంకె... 0. ఒక్క క్షణం 1. మళ్లీ 0.

మీరూ చేద్దామనుకుంటే...

పని కన్నా ముందు పరీక్ష. ఏమీ మార్చకముందే స్కాన్ టూల్‌తో ఓసారి చూసుకోవాలి. ఉన్న పుల్లీతోనే నాకింగ్ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. ఎం90కి ఇంజిన్ ఆయిల్ కాకుండా విడిగా తన సొంత ఆయిల్ ఉంటుంది. పాత కార్లలో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. అదీ చూసుకోవాలి.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. మావాడు పుల్లీ, ఇన్‌టేక్ ఒకేరోజు మార్చేసరికి తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి మరో రోజు పట్టింది.

నూనె రాసే రకం ఫిల్టరైతే పొదుపుగా రాయండి. ఎక్కువైతే ఆ నూనె గాలిని కొలిచే సెన్సర్ మీద పేరుకుని కంప్యూటర్‌కి తప్పుడు లెక్కలు పంపుతుంది.

ఫిల్టరును మరీ కిందికి దించకండి. నీళ్లు నిలిచిన రోడ్డులో ఇంజిను నీరు పీల్చిందంటే కడ్డీలు వంగిపోతాయి. వానాకాలం హైదరాబాద్ రోడ్లు చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా చిన్న పుల్లీ కావాలంటే కథ పుల్లీతో ఆగదు. పెట్రోలు సరఫరా, కంప్యూటర్ ట్యూనింగ్, ఇంటర్‌కూలర్... ఒకదాని వెనక ఒకటి క్యూ కడతాయి.

చట్టం సంగతీ ఉంది. కాలిఫోర్నియాలో ఇలాంటి భాగాలకు అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పైగా, చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ రావచ్చు. కాబట్టి ఇక్కడివారు రెంచి అందుకునే ముందు కాగితాలు చూసుకోవడం మేలు.

తిరిగొచ్చే ముందురోజు రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పిండిమర మూతపడి చాలా ఏళ్లయింది. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు... ‘‘చివరికి చిన్న చక్రమే ఉంచారా?’’

‘‘మధ్యస్థంగా ఉన్నది వేశారు నాన్నా.’’

‘‘నాకా తెలివి లేకపోయింది. ఉంటే పెద్దది, లేకపోతే బాగా చిన్నది అనుకున్నాను’’ అన్నారు. కాసేపాగి, ‘‘మామ్మగారు వింటే సంతోషించేది’’ అని నవ్వారు.

గ్యారేజీలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. మేనల్లుడు పాత 3.8 పుల్లీని గుడ్డతో శుభ్రంగా తుడిచి, నూనె రాసి, అట్టపెట్టెలో పెడుతున్నాడు. పెట్టె మీద తారీఖు వేసింది మాత్రం బావగారు.